ఇరుసుకు పోసే నూనె

హంపమ్మ బీడీ తాగిందంట. తాగిన బీడీ ఆర్పకుండా దూది పక్కన పడేసిందంట. దానివల్లనే జిన్నింగు మిల్లు అంటుకొన్నదంట. గుమాస్తా చిన్న ఈరన్న గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసి, నిన్న సాయంత్రం చదివి వినిపించినప్పటి నుంచి ఆ మాట రామప్ప నోట్లో పాచిలాగ అంటుకొనే ఉంది. పొద్దున్నే వేపపుల్లతో రెండుసార్లు తోమినాడు, పోలేదు. ఇప్పుడు మోటారు గదిలో చెక్కపెట్టె మీద కూర్చొని, గోడకు బిగించిన స్టార్టరు వైపు చూడబుద్ధి కాక నేల మీది నూనె మరకను చూస్తూ, కర్నూలు బస్సు హారను కోసం చెవి ఒగ్గి ఉన్నాడు. బస్సులో కరెంటు ఇన్‌స్పెక్టరు వస్తాడు. స్టార్టరు బోర్డు చూస్తాడు, మోటారు చూస్తాడు, ఈ కాగితం కింద మోటారు డ్రైవరు రామప్ప చేవ్రాలు చూస్తాడు, సరేనంటాడు, ఆదోనిలో ఇంకో నాలుగు మిల్లులు తిరుగుతున్నట్టే ఈ మిల్లూ తిరుగుతుంది. చేవ్రాలు ఇంకా పెట్టలేదు. ఇన్‌స్పెక్టరు ఎదురుగా పెడితే అందంగా ఉంటుందన్నాడు మిల్లు సాహుకారు గాదిలింగప్ప. అందంగా అన్నాడు. ఆ మాటే అన్నాడు.

పక్కన విస్తరాకులో బొరుగుల ఒగ్గాణి, మీద రెండు మిరపకాయ బజ్జీలు. సాహుకారు ఇంటి నుంచి వచ్చింది. పదేండ్లుగా ఈ మిల్లులో, మోటారు రాకముందు నల్లపొగ కక్కే ఆయిలింజను దగ్గర ఉన్నప్పుడు కూడా, ఆ ఇంటి నుంచి తనకు ఒక గుక్క నీళ్లు వచ్చింది లేదు. ఇయ్యాల బజ్జీలు వచ్చినాయి. నూనె ఆకు మీదికి కారి గడ్డకట్టింది, ఒక ఈగ బజ్జీ మీద కూర్చొని ముందుకాళ్లు రుద్దుకొంటోంది, కోమటి అంగడి ముందర బేరం కుదిరినవాడు చేతులు రుద్దుకొన్నట్టు. రామప్ప దాన్ని తోలలేదు. దాని తిండి అది తినిపోనీ. ఈ గదిలో వాసన ఆ ఈగకు పట్టినట్టు లేదు. తనకు పట్టింది. మోటారు తీగచుట్లు కాలితే వచ్చే లక్క వాసన, పన్నెండు రోజులయింది, గోడల్లో ఉంది, పంచెలో ఉంది, తలవెంట్రుకల్లో ఉంది. మోటారును బళ్లారికి పంపి కొత్త తీగ చుట్టించుకొని వచ్చినారు. గోడకు సున్నం కొట్టినారు. కాలిన దూదిని బండ్లతో ఊరవతల పోసినారు. వాసన పోలేదు. దానికి ఎవరు సున్నం కొడతారు.

సాహుకారు చెడ్డోడు కూడా కాదు, అదీ రోత. చెడ్డోడయితే తిట్టుకొని ఊరకుండొచ్చు. నిన్న భుజం మీద చెయ్యి వేసినాడు. వక్కాకు నమిలిన ఎర్రటి నోరు దగ్గరికి తెచ్చి, "నీ మెడ తప్పిస్తాండా గదప్పా రామప్పా, నీకేం నొప్పి?" అన్నాడు. ఆ చెయ్యి పడిన చోట చొక్కా ఇంకా తడిగా ఉన్నట్టే ఉంది. తప్పిస్తాండాడు, నిజమే. బోర్డు సంగతి బయటపడితే మొదట తెగేది రామప్ప మెడ, తర్వాత మిల్లు లైసెన్సు. రెండిటికీ అడ్డంగా ఒక ఆడమనిషిని నిలబెడితే సరిపోతుంది. అడ్డంగా నిలబడమంటే ఆమె కాదనలేదు కూడా, ఆసుపత్రిలో రెండు చేతులూ గుడ్డల్లో చుట్టి పైకి కట్టి ఉన్నాయి. మిల్లు కాల్చిన హంపమ్మ అని ఆదోని అంతా అంటుంది. పత్తి పనికి ఏ గేటూ తియ్యరు. ఆమెనే కాదు, ఆమెతో వచ్చే పదిమంది ఆడోళ్లనూ రానియ్యరు, వీళ్లు బీడీల గుంపు అని. హంపమ్మ బీడీ తాగదు. ఆకూవక్కా వేస్తుంది, అదీ గేటు బయట వేసుకొని, లోపలికొచ్చే ముందర ఊంచి, నోరు పుక్కిలించి వస్తుంది. దూది మీద ఎర్రచుక్క పడితే దూది పాడయితాదన్నా, అంటుంది. ఆ మాట తనతోనే అన్నది.

తలెత్తకూడదనుకొన్నాడు గాని కన్ను స్టార్టరు మీదికే పోయింది. నల్ల ఇనప పెట్టె, పక్కన పిడి, కింద వరసగా మూడు ఇత్తడి గిన్నెలు. తుంగభద్ర కరెంటు ఊళ్లోకి వచ్చిన ఏడే దాన్ని బిగించినారు, బిగించడానికి మదరాసు నుంచి ఒక ఫిట్టరు వచ్చినాడు, పొట్టిమనిషి, సగం అరవం సగం తెలుగు మాట్లాడేవాడు. ఆయిలింజను డ్రైవరుకు కరెంటు ఏం తెలుసునని తనను పిలిచి ఒక పూటంతా చెప్పినాడు. మోటారు తాగే కరెంటు అంతా ఈ మూడు తీగచుట్ల గుండానే పోవాలప్పా. ఎక్కువ తాగితే తీగచుట్ట కింద ఉన్న ఇనపకడ్డీని పైకి లాగుతుంది. కడ్డీ పైదాకా వచ్చి కొక్కేన్ని తన్నిందంటే పిడి టక్కున పడిపోతుంది, మోటారు ఆగిపోతుంది, కాలిపోకుండా బతుకుతుంది. అయితే మోటారు బయలుదేరేటప్పుడు ఎప్పుడూ ఎక్కువే తాగుతుంది, దున్న మొదటి అడుగుకు నాలుగు రెట్లు లాగినట్టు. అప్పుడే పిడి పడిపోతే ఇంక బయలుదేరేదెట్ల? అందుకని కడ్డీ అడుగును ఈ గిన్నెలో నూనెలో ముంచి పెట్టినారు. నూనె దాన్ని పట్టుకొని నిదానంగా వదులుతుంది. అంతలోపల మోటారు వేగం అందుకొంటుంది. అన్నీ చెప్పి ఫిట్టరు చిన్న డబ్బా ఒకటి చేతికిచ్చి, ఈ నూనె తప్ప ఇంకో నూనె వద్దు, అన్నాడు. రామప్ప తలూపినాడు. తలూపడం శానా సులువు. ఊళ్లో బడిలో అయ్యవారు చెప్పినదానికీ ఇట్లనే ఊపేవాడు, చింతబరికె కనబడకుండా పోయేదాకా.

మొదటి ఏడు వైశాఖంలో మొదలయింది. రేకుల కప్పు కింద గది పొయ్యి మీది పెనంలా ఉండేది, ఇనుము ముట్టుకొంటే చెయ్యి బొబ్బలెత్తేది. పిడి ఎత్తుతాడు, మోటారు హుమ్మని లేస్తుంది, సగం వేగం అందుకోకముందే టక్. మళ్లీ ఎత్తుతాడు, టక్. లోపల పత్తిగింజ తీసే ఇరవై జిన్నుల ముందర ఆడోళ్లు పత్తి ఒళ్లో పెట్టుకొని కూర్చొని ఉంటారు, ఎవరో ఒకరు, రామప్ప మామ మోటారుకు ముహూర్తం కుదరలేదంట, అంటారు, నవ్వులు. సాహుకారు గుమ్మంలో నిలబడి ఏమప్పా ఏమప్పా అంటాడు. రామప్ప షాఫ్టును తిప్పే తోలు పట్టా తీసేసి ఉత్త మోటారు తిప్పి చూసినాడు, తిరిగింది. జిన్నుల షాఫ్టు చేత్తో తిప్పి చూసినాడు, యాడా పట్టడం లేదు. ఫ్యూజులు బాగుండాయి. తీగల మొనలు గీకి బిగించినాడు. అయినా పట్టా వేస్తే పడుతుంది. అప్పుడు చూసినాడు, పొద్దున ఏడింటికి ఒక్కసారి కూడా పడలేదు. పడేదంతా పదింటి తర్వాతనే. పదింటికి మారేది ఏమి? మోటారు అదే, పత్తి అదే, కరెంటు అదే. ఎండ. ఎండకు మారేది ఏమి? మూడు రోజులు అదే అనుకొంటూ తిరిగినాడు, ముద్ద నోట్లో పెట్టుకొని నమలడం మరిచిపోతే పెండ్లాం తిమ్మమ్మ, దయ్యం పట్టినాదా, అన్నది. నాలుగోరోజు మధ్యాహ్నం గిన్నె ఒకటి విప్పి వేలు ముంచినాడు. నూనె నీళ్లలాగ జారిపోయింది. ఎండకు పలచబడింది. కడ్డీని పట్టుకోలేక వదిలేస్తాంది.

ఆ వేలు ముంచిన గడియ ఇప్పటికీ బాగుంది. అదొక్కటీ రోతలేని గడియ. ఎవరూ చెప్పలేదు, పుస్తకం చదవలేదు, చూసి పట్టుకొన్నాడు. అక్కడితో ఆగి మదరాసుకు జాబు రాయించి ఉంటే సరిపోయేది. రాయిస్తానన్నాడు సాహుకారు. జాబు పోవాల, వాళ్లు రావాల, నెల పడతాది, పత్తి ఎండకు గుల్లయిపోతాది, ఏదో ఒకటి చెయ్యప్పా, నువ్వు చెయ్యలేనిది ఏముండాది, అన్నాడు. నువ్వు చెయ్యలేనిది. ఆ తీపిముక్క వేసినాడు, తాను నోరు తెరిచినాడు. బండి ఇరుసుకు ఎండాకాలం ఏం పోస్తాము? ఆముదం. ఎంత ఎండకయినా పలచబడక ఇరుసును పట్టుకొనేది ఆముదం. తాత పోసినాడు, నాయిన పోసినాడు, బండి కింద వేలాడే కొమ్ముగొట్టంలో ఆముదం లేకుండా ఈ సీమలో ఏ బండీ పొలిమేర దాటలేదు. ఇంటి నుంచి సీసా తెచ్చి గిన్నెకు మూడు చెంచాలు పోసినాడు. పిడి ఎత్తినాడు. మోటారు లేచింది, వేగం అందుకొంది, పిడి నిలబడింది. లోపల ఆడోళ్లు కేకలు వేసినారు. సాహుకారు పక్క మిల్లువాళ్లకు చెప్పుకొన్నాడు, మదరాసోడు చెయ్యలేనిది మా రామప్ప ఆముదంతో చేసినాడని. రామప్ప ఆ రోజు ఇంటికి పోయేటప్పుడు పంచె కొంచెం పైకి కట్టి, బజారు నడిమధ్యన నడిచినాడు. నడిమధ్యన. తలచుకొంటే ఇప్పుడు ఆ నడక కుళ్లిన గుడ్డు పగిలినట్టు కంపు కొడుతుంది. ఎండకు పలచబడని నూనె చలికి ఏమవుతాదని ఆ తలకాయకు తట్టలేదు. అంత చూసిన కంటికి ఇంత కనబడలేదు. బండి ఇరుసు ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది, దాని నూనె కదులుతూ ఉంటుంది. ఈ కడ్డీ నెలల తరబడి ఒకే చోట నిలబడి, ఎప్పుడో ఒక్కసారి, కావలసిన ఒక్కసారి కదలాల. ఇరుసు వేరు, ఇది వేరు. గిన్నెల్లోకి దూదినుసి పడి, ఆముదంలో కలిసి, ఎనిమిది నెలలు మగ్గి, జిగురయింది.

పుష్యమాసం. పొద్దున చలికి ఆడోళ్లు కొంగులు తలకు చుట్టుకొని వచ్చినారు. పిడి ఎత్తినాడు, చక్కగా లేచింది, తాను బయట ఎండలో నిలబడటానికి పోయినాడు. అంతే, ఎండలో నిలబడటానికి. మూడు తీగల్లో ఒక తీగ ఫ్యూజు యాడనో తెగింది. మూడు ఎద్దుల మీద ఉన్న బరువు రెండిటి మీద పడింది. మోటారు ఆగలేదు, మూలుగుతూ తిరిగింది, తాగకూడనంత కరెంటు తాగుతూ తిరిగింది. తీగచుట్ట కడ్డీని లాగి ఉంటాది. ఆముదం వదలలేదు. నిమిషం లోపల పడాల్సిన పిడి పదినిమిషాలయినా పడలేదు. గొంతు మారింది మోటారుదని విన్నాడు, విన్నాడు, చలికి అట్ల ఉందిలే అనుకొన్నాడు. తర్వాత లక్క వాసన. తర్వాత మోటారు నుంచి రవ్వ ఒకటి, పట్టా పోయే గోడ కంత గుండా మెరుపులాగ పోయి అవతల దూదికుప్ప మీద పడింది. దూది మండదు మొదట, పాకుతుంది, చీమలబారు పాకినట్టు నల్లగా పాకి అప్పుడు లేస్తుంది. కుప్పకు దగ్గర జిన్ను హంపమ్మది. లేచి బయటికి ఉరికి ఉండొచ్చు. కుప్పకు అవతలి మూలన గోనె మీద తోటి కూలి తిరుపతమ్మ పసిబిడ్డ పడుకొని ఉండె. హంపమ్మ రెండు చేతులతో దూదిని అటూ ఇటూ ఎగదోసి దారి చేసి బిడ్డను పట్టుకొని వచ్చింది. బిడ్డకు వెంట్రుక కాలలేదు. ఆమె చేతులు చూసి తిరుపతమ్మ కూలబడింది.

నూనె నూనె అని అరిచినారు ఆడోళ్లు. కాలిన చేతికి పూయడానికి నూనె. అందరూ తన వైపు చూసినారు, నూనె ఉండేది మోటారోడి దగ్గరే గదా. రామప్ప గదిలోకి ఉరికి గూట్లో ఉన్న సీసా తెచ్చి ఇచ్చినాడు. అదే సీసా. ఆముదం. వాళ్లు ఆమె అరచేతులకు, మోచేతులదాకా వంచినారు, తోలు జారిపోతున్న చేతుల మీద ఆ జిడ్డు మెరిసింది. హంపమ్మ కండ్లు మూసుకొని, "సల్లగా ఉండాదన్నా" అన్నది. తనతో అన్నది. ఇచ్చినవాడు గదా. రామప్ప గోడపక్కకు పోయి కక్కినాడు. పొగకు అనుకొన్నారు అందరూ.

దానికంటే పెద్ద రోత ఇంకొకటి ఉండదనుకొన్నాడు. ఉంది. నిన్న సాహుకారు కొత్త నూనెడబ్బా తెప్పించినాడు. మదరాసుకు రాస్తే నెల పడతాదని పోయిన ఎండాకాలం అన్న మనిషికి ఇప్పుడు మూడు రోజుల్లో వచ్చింది. గిన్నెలు కడుగు, దీన్ని పొయ్యి, అంతే, ఎవురూ ఏమీ అడగరు, అన్నాడు. రామప్ప కడిగినాడు. గిన్నెలు విప్పి, కిరసనాయిలులో నానబెట్టి, గుడ్డతో తుడిచి, మూలల్లో జిగురు పుల్లతో గీకి, ఇత్తడి తళతళలాడేదాకా. పని చక్కగా చెయ్యడం తప్ప తనకు తెలియదు, తప్పు కప్పే పనయినా చక్కగానే చేస్తాడు, అది అన్నిటికన్నా అసయ్యం. పుల్ల కొనకు వచ్చిన జిగురు పసుపుపచ్చగా, చీములాగ సాగింది. ఆసుపత్రిలో హంపమ్మను చూసి వచ్చిన తిమ్మమ్మ కాళ్లు కడుక్కొని గడపలో కూర్చొని, చేతుల గుడ్డ మారుస్తాంటే చూసినా, అన్నది. బోర్డు సంగతి ఆమెకు తెలుసు. ఆముదం ఇంటి సీసాలోదే గదా. కాగితం సంగతి చెప్పినప్పుడు చాట తీసుకొని కొర్రలు చెరిగింది, ఒక్కో ఊపుకు పొట్టు రామప్ప మొగం వైపే వచ్చింది. చేవ్రాలు పెట్టొద్దు అని ఒక్క మాట అనుంటే బాగుండు. పెట్టు అన్నా బాగుండు.

హారను. రెండుసార్లు. బస్సు స్టాండులోకి తిరిగింది. జట్కా పంపినారు, ఇంక కాసేపే. రామప్ప లేచి విస్తరాకు ఎత్తి ఒగ్గాణితో సహా బయట కుక్కకు వేసినాడు. కుక్క మిరపకాయ వదిలేసి తక్కినది తిన్నది.

ఇన్‌స్పెక్టరు వయసు మళ్లినవాడు, బస్సు దుమ్ము కనుబొమల మీద ఉంది. సాహుకారు ముందర నడుస్తూ గుమ్మం చూపించినాడు, వెనక చిన్న ఈరన్న సిరాబుడ్డి పట్టుకొని. ఇన్‌స్పెక్టరు గిన్నె ఒకటి విప్పించి, వేలు ముంచి, వాసన చూసి, బాగానే పెట్టుకొన్నారే, అన్నాడు. ఆ వేలు ముంచడం రామప్ప చూసినాడు. తెలిసిన వేలు. చూసేవాడి వేలు. చిన్న ఈరన్న కాగితం చదివినాడు. హంపమ్మ అను కూలీ మనిషి, బీడీ, దూదికుప్ప, నిర్లక్ష్యము. చదివి రామప్పకు అందించి కలం ముంచి ఇచ్చినాడు. సాహుకారు ఆప్యాయంగా చూసినాడు. అంతేనా, అని అడిగినాడు ఇన్‌స్పెక్టరు, ఎవరినో ఎందుకో అడిగినట్టు, గడియారం చూసుకొంటూ.

రామప్ప కలం కిటికీలో పెట్టి, పోయి పిడి ఎత్తినాడు. మోటారు హుమ్మని లేచి వేగం అందుకొంది, పట్టా అదురుతూ షాఫ్టును తిప్పింది. సాహుకారు, అద్దో చూడండి సార్, ఎంత బాగా, అంటూ ఉండగానే రామప్ప బోర్డు దగ్గరికి పోయి, తిరుగుతున్న మోటారు మీద, ఒక ఫ్యూజు పట్టుకొని లాగేసినాడు. నీలిరవ్వ చిటుక్కుమంది. మోటారు గొంతు మారింది. అదే మూలుగు. చిన్న ఈరన్న గుమ్మం దాటి బయటికి పోయినాడు. ఏయ్ రామప్పా, అన్నాడు సాహుకారు. ఇన్‌స్పెక్టరు సాహుకారు చేతిని పక్కకు జరిపి నిలబడి విన్నాడు. రామప్ప ఒకటి, రెండు, మూడు, అని లెక్కపెట్టినాడు, పైకే, బడిలో ఎక్కం చెప్పినట్టు. నలభై రెండు దగ్గర పిడి టక్కున పడింది. మోటారు ఆగింది. షాఫ్టు చివరి చుట్టు తిరిగి నిలబడింది.

"ఆ పొద్దు ఇది పడలేదు సార్," అన్నాడు రామప్ప.

"ఎందుకు?"

"గిన్నెల్లో ఆముదం ఉండె. నేనే పోసినా. పొయ్యమని ఎవురూ చెప్పలేదు. నిన్న కడిగింది కూడా నేనే. కడగమని సాహుకారు చెప్పినాడు. ఆయమ్మ బీడీ తాగదు."

పొగ తలకెక్కింది వీనికి సార్, ఆ రోజు నుంచీ ఇట్లనే, అని సాహుకారు నవ్వబోయినాడు, వక్కరసం గొంతుకు అడ్డంపడి దగ్గు వచ్చింది. ఇన్‌స్పెక్టరు పిడి వైపు చూసినాడు, ఫ్యూజు పట్టుకొన్న రామప్ప చేతివైపు చూసినాడు. ఉద్యోగం ఉండదప్పా నీకు, నీ మీద కేసు కూడా పడొచ్చు, తెలుసునా, అన్నాడు, బెదిరించినట్టు కాదు, దారి అడిగినవానికి వాగు ఎంత లోతో చెప్పినట్టు. రామప్ప తలూపలేదు. తెలుసు సార్, అని నోటితో అన్నాడు. నోరు ఇంకా చేదుగానే ఉంది. చెబితే పోతుందనుకొన్నాడేమో, పోలేదు. హంపమ్మ చేతులు గుడ్డల్లోనే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు చెక్కపెట్టె మీద కూర్చొని, చిన్న ఈరన్న రాసిన కాగితాన్ని తిప్పి, తెల్లటి వైపు మోకాలి మీద పెట్టుకొని, తన జేబులోని కలం మూత తీసినాడు.

"మొదటి నుంచి చెప్పు. నిదానంగా. నేను రాసుకోవాల."

ఒకసారి గబగబ అనేయడం ఒక ఎత్తు. ఇది రాసే చేతికి అందేంత నిదానంగా, ఒక్కో మాట విడివిడిగా, ప్రతి మాట తర్వాత ఆగి, అది సిరా అయి కాగితం మీద ఆరేదాకా కాచుకొని, అప్పుడు తర్వాతిది. సాహుకారు గుమ్మంలోనే ఉన్నాడు. బయట పని అడగడానికి వచ్చిన ఆడోళ్లు ముగ్గురు కిటికీ దగ్గరికి చేరినారు.

"నేను," అన్నాడు రామప్ప.

కలం గీరి, ఆగింది. ఇన్‌స్పెక్టరు తలెత్తి చూసినాడు.

"ఊఁ. నేను?"